వైద్యులు మందుల పేర్లు చెప్పి ప్రజల ముందు మాట్లాడవచ్చా?

పద్మారావునగర్ పాఠకుడు:

2025 అక్టోబరు 14న దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారు కాని పానీయాల పేరులో, ముందో వెనకో మరో మాట తగిలించి అయినా సరే, ‘ఓఆర్‌ఎస్’ (విరేచనాల్లో ఒంట్లోంచి పోయిన నీరూ లవణాలూ తిరిగి చేరడానికి తాగించే ద్రావణం) అన్న అక్షరాలు వాడరాదన్నది దాని సారాంశం. ఈ ఉత్తర్వు వెనుక మన హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉన్నదని పత్రికల్లో అందరమూ చదివాము. ఆమె అధికారులకు లేఖలు రాశారు, న్యాయస్థానం తలుపు తట్టారు, వాటితో పాటు తల్లిదండ్రులతో వీడియోల ద్వారా నేరుగా మాట్లాడారు. ఆ మూడో పని వైద్యులు చేయదగినదేనా అన్నది నా ప్రశ్న. నాకు తెలిసిన వైద్యులు కొందరు ‘మందుల సంగతి బజారులో పెట్టకూడదు, మండళ్లు ఉన్నాయి, సంఘాలు ఉన్నాయి, అక్కడ చెప్పుకోవాలి’ అంటున్నారు.

చేయదగినదే అని నా అభిప్రాయం. ఇదే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022 ఏప్రిల్‌లో ఆ పేర్లు వద్దని చెప్పింది. అదే ఏడాది జులైలో ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్‌ఎస్ కాదు’ అని డబ్బా మీద ముద్రిస్తే చాలునని సడలించింది. లోపలి ఉత్తరప్రత్యుత్తరాలతో గెలిచినది లోపలి ఉత్తరప్రత్యుత్తరాలతోనే చేజారిపోయిందన్న మాట. వాంతులు, విరేచనాలతో నీరసించిన బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లి డబ్బా వెనుక చిన్న అక్షరాలు చదవదని ఎవరో ఒకరు బయటికి వచ్చి చెప్పవలసిందే.

విశ్రాంత వైద్యుడు:

పాఠకుడు గారు తమ వాదానికి అన్నిటికంటే అనుకూలమైన ఉదాహరణను ఎంచుకున్నారు. నేను ప్రతికూలమైనది చెబుతాను.

2020 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు డెక్సామెథసోన్ అనే చవకైన స్టెరాయిడ్ కోవిడ్ మరణాలను తగ్గిస్తుందని ప్రకటించారు. వెంటిలేటరు మీద ఉన్నవారిలో మరణాలు మూడింట ఒక వంతు, కేవలం ఆక్సిజన్ అవసరమైనవారిలో ఐదింట ఒక వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం ఏ మేలూ కనబడలేదు. ఈ మూడో వాక్యమే అన్నిటికంటే ముఖ్యమైనది. అది చేతులు మారేటప్పుడు జారిపోయింది. మరుసటి వేసవిలో, రెండో విడత విజృంభించినప్పుడు, ఎవరికో రాసిన మందుల చీటీల ఫొటోలు వాట్సాప్‌లో ఇల్లిల్లూ తిరిగాయి. జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచే స్టెరాయిడ్ మింగినవారిని నేను చూశాను. వారిలో మధుమేహం ఉన్నవారూ ఉన్నారు. స్టెరాయిడ్ రక్తంలో చక్కెరను పెంచుతుంది, రోగనిరోధక శక్తిని అణచివేస్తుంది, ఆ రెండూ కలిసినచోట మ్యూకర్ బూజుకు (బ్లాక్ ఫంగస్) దారి దొరుకుతుంది. 2021 మే నెలలో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని ఆ వ్యాధికి ప్రధాన కేంద్రంగా ప్రకటించవలసి వచ్చింది. అక్కడికి చేరినవారిలో ప్రాణం దక్కినా కన్ను పోయినవారు ఉన్నారు.

వైద్యంలో ప్రతి వాక్యానికీ ఒక షరతు ఉంటుంది. నా ఎదుట కూర్చున్న రోగికి నేను ఆ షరతును విడమరచి చెప్పగలను, అతనికి అర్థం కాలేదని ముఖం చూసి గ్రహించి మళ్లీ చెప్పగలను. లక్ష మందితో ఒకేసారి మాట్లాడేవాడికి ఆ వీలు లేదు. అందువల్ల, వైద్యుడు ఎంత నిజాయితీపరుడైనా, మందు పేరు పలికిన క్షణం నుంచి ఆ మాట అతని అదుపులో ఉండదు.

నారాయణగూడ న్యాయవాది:

వాదం ముదరక ముందే నియమం ఏమి చెబుతున్నదో ఇక్కడ పెడితే మంచిది, ఎందుకంటే ఇరుపక్షాలవారూ ‘నియమం ఒప్పుకోదు’, ‘నియమం అడ్డుకాదు’ అని గాలిలో మాట్లాడుతుంటారు.

ఇప్పటికీ అమలులో ఉన్నవి 2002 నాటి వైద్యవృత్తి ప్రవర్తనా నియమాలు. తనకు ప్రచారం కలిగించేలా, రోగులను తనవైపు రప్పించుకునేలా వ్యాధుల గురించి, చికిత్సల గురించి సాధారణ పత్రికల్లో వైద్యుడు వ్యాసాలు రాయకూడదు, ఇంటర్వ్యూలు ఇవ్వకూడదు అని వాటిలో ఉన్నది. అదే నిబంధన, ప్రజారోగ్యం గురించి, ఆరోగ్యకరమైన జీవనం గురించి సొంత పేరుతో రాయవచ్చునని, రేడియోలో, టీవీలో, ఇంటర్నెట్‌లో కూడా మాట్లాడవచ్చునని అంటుంది. తోటి వైద్యుల అసమర్థతను, అవినీతిని భయం గాని పక్షపాతం గాని లేకుండా బయటపెట్టాలని మరో నిబంధన చెబుతుంది. కనుక మౌనమే మర్యాద అన్న మాటకు నియమాల్లో ఆధారం లేదు. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న కొత్త నియమాలు ప్రకటించి, సామాజిక మాధ్యమాల గురించి అందులో ఏకంగా ఒక భాగమే చేర్చింది. లైకులు, అనుచరులను డబ్బిచ్చి కొనరాదని, కోలుకున్న రోగుల చేత ప్రశంసలు చెప్పించి పెట్టరాదని కూడా రాసింది. సరిగ్గా మూడు వారాలకు, ఆగస్టు 23న, ఆ నియమాలన్నిటినీ పక్కన పెట్టేసింది. అందుచేత, వ్యాసాల కాలంలో రాసుకున్న నిబంధనతో నేటి వీడియోలను కొలవవలసి వస్తున్నది.

సుల్తాన్‌బజార్ మందుల షాపు:

నేను ఫార్మసిస్టును. డాక్టరు గారు మందు పేరు బయట పలకరాదంటున్నారు. వైద్యులు పలకనంత మాత్రాన ఆ పేరు బయటికి రాకుండా ఆగదు. షాపుకు వచ్చేవారు ఫోను తెరిచి, అందులోని బొమ్మను కౌంటరు మీద పెట్టి, ‘ఇది ఇవ్వండి’ అంటారు. ఆ సలహా ఇచ్చినది చాలాసార్లు వైద్యుడు కాదు, బంధువో, పక్కింటివారో, ఏ చదువూ లేని వీడియో మనిషో అయి ఉంటాడు. చీటీ లేకుండా అమ్మకూడని యాంటీబయాటిక్‌లలో కొన్నిటిని షెడ్యూల్ హెచ్1 కింద చేర్చి, ప్రతి అమ్మకమూ ప్రత్యేక రిజిస్టరులో రాయాలని 2014 నుంచి నియమం ఉన్నది. నేను చీటీ అడిగితే ఎదురుగా ఉన్న మరో షాపుకు వెళతారు. ‘జలుబుకు యాంటీబయాటిక్ పనిచేయదు, అది వైరస్ వల్ల వస్తుంది’ అని నేను చెబితే సరుకు లేక సాకు చెబుతున్నాననుకుంటారు. అదే మాట పేరున్న వైద్యుడు చెబితే వింటారు.

ఓఆర్‌ఎస్ సంగతి కూడా కౌంటరు వెనుక నుంచి చెబుతాను. పొడి ప్యాకెట్ మీద కంటే, స్ట్రా గుచ్చి తాగే ఆ తియ్యని డబ్బా మీద మాకు మిగిలేది ఎక్కువ. ‘ఓఆర్‌ఎస్ ఇవ్వండి’ అన్నవారి చేతికి ఏది వెళ్లేదో వేరే చెప్పనక్కరలేదు.

తార్నాక తల్లి:

ఆ తియ్యదనం ఎందుకు చెడ్డదో నాకు బిడ్డ పుట్టిన రెండేళ్లకు గాని తెలియలేదు. అదీ ఏ వైద్యుడి గదిలోనూ కాదు, ఒక వైద్యుడి వీడియోలో. లీటరు ద్రావణంలో గ్లూకోజు 13.5 గ్రాములు, మామూలు ఉప్పు 2.6 గ్రాములు ఉండటం యాదృచ్ఛికం కాదట. పేగు గోడలో గ్లూకోజూ సోడియమూ జంటగా లోపలికి వెళ్లే ద్వారం ఒకటి ఉన్నదని, అవి రెండూ తగిన పాళ్లలో ఉంటేనే వాటి వెంట నీరు ఒంట్లోకి చేరుతుందని, చక్కెర ఎన్నో రెట్లు ఎక్కువైతే ఒంట్లోని నీరే పేగులోకి వచ్చి విరేచనాలు పెరుగుతాయని ఆ వైద్యుడు ఐదు నిమిషాల్లో చెప్పారు. అయిదు నిమిషాల సమయం మాకు ఓపీలో ఎప్పుడైనా దొరికిందా? టోకెను తీసుకుని రెండు గంటలు కూర్చుంటే, లోపల చీటీ రాయడానికి పట్టేంతసేపే డాక్టరు గారు మాతో ఉంటారు. ముఖం చూసి మళ్లీ వివరించే ఆ వైద్యం, విశ్రాంత వైద్యుడు గారూ, తమ కాలంతోనే పోయిందేమో.

ఇంకొక మాట. ఈ సంగతులు ఇంగ్లీషులో దొరుకుతాయి. తెలుగులో చెప్పేవారు తక్కువ. పత్రికల్లో పాఠకుల ప్రశ్నలకు డాక్టర్ సమరం గారు ఏళ్ల తరబడి జవాబులు ఇవ్వకపోతే, ఇంట్లో ఎవరినీ అడగలేని విషయాలు మా ముందు తరంలో ఎంతమందికి తెలిసేవి?

విశ్రాంత వైద్యుడు:

తార్నాక అమ్మగారి ఫిర్యాదు న్యాయమైనదే, దాన్ని కాదనను. ఓపీలో సమయం లేకపోవడం వైద్యుల కొరత వల్ల వచ్చిన జబ్బు, దానికి వీడియో మందు కాదు.

అయినా నా అభ్యంతరాన్ని కొంచెం కుదించి చెబుతాను. ఓఆర్‌ఎస్ విషయంలో తప్పు డబ్బా మీదే అచ్చయి ఉన్నది. ఎవరైనా చదివి, సూత్రంతో పోల్చి చూసుకోవచ్చు. అటువంటిది బయట చెప్పడం నాకు సమ్మతమే. కానీ ‘ఫలానా రోగికి స్టెంటు అనవసరంగా వేశారు’, ‘ఫలానా చోట సిజేరియన్ అవసరం లేకుండా చేశారు’ అని యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల ఎక్స్‌రే చిత్రం) చూడకుండా, కాన్పు గదిలో బిడ్డ గుండె చప్పుడు ఎలా ఉన్నదో తెలియకుండా చెప్పేవారు ఇప్పుడు బయలుదేరారు. సరిచూసుకునే దారి వినేవాడికి లేదు. ఆ ఆరోపణకు గురైన వైద్యుడు జవాబు చెప్పాలంటే రోగి రహస్యాన్ని బయట పెట్టాలి, దానికి నియమం ఒప్పుకోదు. అంటే ఒకడు మాట్లాడవచ్చు, రెండోవాడు మాట్లాడరాదు. ఇది చర్చ ఎలా అవుతుంది?

మోతాదు మాత్రం ఎవరూ, ఎప్పుడూ, ఎక్కడా బహిరంగంగా చెప్పరాదు. ఇందులో నేను రాజీపడను.

సుల్తాన్‌బజార్ మందుల షాపు:

డాక్టరు గారు రాజీపడనన్న చోటే నాకు గట్టి అభ్యంతరం ఉన్నది.

పిల్లల జ్వరానికి ఇచ్చే పారాసిటమాల్ మూడు రకాల బలాలతో మా అరల్లో ఉంటుంది. చుక్కల సీసాలో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు. మామూలు సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు సుమారు 120. ఎక్కువ బలం గలదానిలో ఐదు మిల్లీలీటర్లకు 250. చంటిబిడ్డకని చిన్న సీసాలో వచ్చేదే వీటన్నిటిలోకీ గాఢమైనది. చిన్న సీసా కనుక తేలికైన మందు అనుకోవడం సహజం. ఎనిమిది కిలోల బిడ్డకు, కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున, ఒకసారికి 120 మిల్లీగ్రాములు సరిపోతుంది. అంటే మామూలు సిరప్ ఐదు మిల్లీలీటర్లు. ‘అక్క బిడ్డకు ఐదు మిల్లీలీటర్లు పోశారు’ అని విన్న చెల్లెలు తన ఇంట్లో ఉన్న చుక్కల సీసా నుంచి ఐదు మిల్లీలీటర్లు పోస్తే 500 మిల్లీగ్రాములు, నాలుగు రెట్లు దాటిపోయింది. పొరపాటు మళ్లీ మళ్లీ జరిగితే కాలేయానికి ముప్పు.

ఈ లెక్క తల్లులకు ఎవరు చెప్పాలి? చీటీలో ‘ఐదు ఎం.ఎల్.’ అని మాత్రమే రాసి ఇచ్చే వైద్యుడు చెప్పడు. మోతాదు బహిరంగంగా చెప్పరాదంటే, ఈ ప్రమాదాన్ని హెచ్చరించడానికే నోరు లేకుండా పోతుంది.

విశ్రాంత వైద్యుడు:

మీ ఉదాహరణ నా పక్షానికే ఎక్కువ బలమిస్తున్నది. ‘ఐదు మిల్లీలీటర్లు’ అన్న ఒక్క మాట, సీసా మారగానే, నాలుగు రెట్ల మోతాదు అయింది. మీరు రాసిన ఆ పేరాలోంచే ‘ఎనిమిది కిలోలకు ఐదు మిల్లీలీటర్లు’ అన్న ఒక్క ముక్క కత్తిరించి పంపితే ఏమవుతుందో ఆలోచించండి. సీసా మీద బలం ఎలా చదవాలో నేర్పడం వేరు, మోతాదు చెప్పడం వేరు. మొదటిది చేయండి, చేతులెత్తి నమస్కరిస్తాను.

తార్నాక తల్లి:

బలం చదవడం నేర్పి, కిలోకు ఎంతో చెప్పకపోతే, చదివిన ఆ అంకెను ఏమి చేసుకోవాలండీ?

నారాయణగూడ న్యాయవాది:

నన్ను అంతకంటే కలవరపెట్టేది, మాట్లాడేవారి ప్రయోజనం ఏమిటో వినేవారికి తెలియకపోవడం. యాంటీబయాటిక్ వద్దని చెప్పే వైద్యుడే, అదే ఊపులో, ఏదో విటమిను గుళికల సీసా చేతిలో పట్టుకుని కనిపిస్తాడు. దానికి డబ్బు అందిందో లేదో మనకు తెలియదు. కనుక ఎవరి నుంచి ఎంత అందింది, ఏ ఆసుపత్రిలో జీతం, ఏ సంస్థలో వాటా అన్నది ప్రతి వీడియోలో మొదటే చెప్పించాలన్నది నా ప్రతిపాదన.

పద్మారావునగర్ పాఠకుడు:

ప్రతిపాదన బాగున్నది, కానీ న్యాయవాది గారే చూపిన నియమంతో అది తగువు పడుతుంది. వైద్యుడు ‘నేను ఫలానా ఆసుపత్రిలో పనిచేస్తున్నాను’ అని మొదటే చెబితే అది ప్రయోజనాల వెల్లడి. అదే వాక్యం, అదే ఆసుపత్రికి ప్రకటన కూడా. పంజగుట్ట నుంచి గచ్చిబౌలి దాకా ఫ్లెక్సీల మీద నవ్వుతున్న వైద్యుల ముఖాలు చూసినవారికి ఈ రెండింటి మధ్య గీత ఎంత పలచనిదో తెలుసు.

నా మటుకు నేను ఆసుపత్రి పేరు చెప్పనివ్వకుండా, డబ్బు సంగతి మాత్రం చెప్పించాలంటాను. మందుల కంపెనీ నుంచి, పోషకాహార కంపెనీ నుంచి, పరీక్షల ల్యాబు నుంచి అందినది రూపాయలతో సహా చెప్పాలి. సొంత పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి, ఎందుకంటే తప్పు చెబితే తెలంగాణ వైద్య మండలికి ఎవరి మీద ఫిర్యాదు చేయాలో తెలియాలి కదా. డాక్టరు గారు అన్న రెండో సంగతి, తోటి వైద్యుడి మీద ఆరోపణ, దానికి ఇది చాలదని ఒప్పుకుంటాను. ఆ రోగి స్వయంగా రాతపూర్వకంగా అనుమతిస్తే, ఇద్దరు వైద్యులూ అదే యాంజియోగ్రామ్‌ను ముందు పెట్టుకుని మాట్లాడవచ్చునేమో. అటువంటి అనుమతి నియమాల్లో ఏ మేరకు చెల్లుతుందో న్యాయవాది గారు చెప్పాలి.

నారాయణగూడ న్యాయవాది:

రోగి అనుమతితో కేసు వివరాలు ప్రచురించడాన్ని 2002 నియమాలు అడ్డుకోవు. గుర్తుపట్టే వివరాలు లేకపోతే అనుమతి కూడా అక్కరలేదు. అయితే వాటిని ఇద్దరు వైద్యులు కలిసి బహిరంగ తగువుకు వాడుకోవచ్చునా అన్నది నియమాలు రాసినవారి ఊహలో ఉన్నట్లు నాకు కనిపించదు. రోగి అనుమతించినా, చికిత్స చేసిన ఆసుపత్రి రికార్డు ఇవ్వడానికి మొరాయిస్తే, అడిగిన 72 గంటల్లో రికార్డు ఇవ్వాలన్న నిబంధన ఒకటి అవే నియమాల్లో ఉన్నది. ముందు దాన్ని వాడుకోమని రోగులకు చెప్పండి, మీ చర్చకు యాంజియోగ్రామ్ అప్పుడు దొరుకుతుంది.