ఇంట్లో చేసినదంతా పిల్లలకు మంచిదేనా? సుంకి ఘాట్ దారిలో చిరుతిండిపై చర్చ

జయపురం వాసి:
వేసవి సెలవులకు మేము కారులో ఒడిశాలోని జయపురం నుంచి కోరాపుట్, పొట్టంగి, సుంకి ఘాట్ (కొండ మలుపుల దారి), సాలూరు మీదుగా విజయనగరంలోని అత్తవారింటికి వెళ్తున్నాము. పిల్లల్లో ఒకరికి మూడేళ్లు, ఇంకొకరికి ఆరేళ్లు. దారిలో తినడానికి చోడి (రాగి) పిండి లడ్డూలు, వేరుశనగ ఉండలు చేసి ఇస్తానని మా అమ్మ అంటోంది. ఎండలకు ఇంటి తిండి పాడవుతుంది కనుక బిస్కెట్ ప్యాకెట్లే మేలని నా భార్య అభిప్రాయం. ఇద్దరి మాటలోనూ నిజం ఉన్నట్టే తోస్తోంది. మీరేమంటారు?

పర్లాకిమిడి పెద్దమ్మ:
బాబూ, మీ అమ్మగారి మాటే వినండి. చోళ్లు మన కొండ ప్రాంతపు పంట. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. మైదా బిస్కెట్టులో ఏముంది? ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టిన తరువాత కొన్ని జిల్లాల అంగన్‌వాడీలలో పిల్లలకు చోడి లడ్డూలే పెట్టారు. పైగా బెల్లంతో కట్టిన ఉండ నీరు తగలనంతవరకు వారం రోజులైనా చెడదు. ప్రయాణానికి ఇంతకన్నా ఏం కావాలి?

రాయగడ మిత్రుడు:
ప్యాకెట్టు మీద తయారైన తేదీ ఉంటుంది, చేయి తగలని సరుకు ఉంటుంది. దారిలో చేతులు కడుక్కోవడానికి అన్నిచోట్లా మంచి నీరు దొరకదు. ఒక్క పూట బిస్కెట్లు తిన్నంత మాత్రాన పిల్లల ఆరోగ్యం పాడవుతుందని నేను అనుకోను.

సెమిలిగుడ గృహిణి:
పెద్దమ్మగారూ, చోళ్ల గురించి మీరు చెప్పిన దాంట్లో ఒక్క ముక్క కూడా కాదనను. నా అభ్యంతరమల్లా ఆ పిండికి సమానంగా పడే బెల్లం మీదనే. 30 గ్రాముల లడ్డూలో సగం బెల్లమే అనుకుంటే, అందులో 12 నుంచి 13 గ్రాముల చక్కెర ఉంటుంది. బెల్లంలో కొద్దిగా ఇనుము ఉన్నా అది ప్రధానంగా చక్కెరే. మనం తినే ఆహారం ఇచ్చే శక్తిలో, విడిగా చేర్చుకున్న చక్కెరల వాటా పదో వంతు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో పెద్దలకూ పిల్లలకూ కలిపి సూచించింది. మూడేళ్ల బిడ్డకు రోజుకు సుమారు 1000 కేలరీలు అవసరమనుకుంటే ఆ హద్దు 25 గ్రాముల దగ్గర పడుతుంది, అంటే రెండు లడ్డూలతో ఆ రోజు వాటా తీరిపోయినట్టే. బిస్కెట్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది కనుక రాయగడ సోదరుని వాదనతోనూ నేను ఏకీభవించలేను. ప్యాకెట్టు బయటి మురికిని ఆపగలదు గాని, లోపలి మైదాను, చక్కెరను ఏమీ చేయలేదు.

అయితే వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా భయపెట్టేది వేరుశనగ ఉండ. నాలుగేళ్ల లోపు పిల్లలకు గట్టి గింజను మెత్తగా నమిలే శక్తి, దాన్ని సరిగా మింగే నేర్పు ఇంకా పూర్తిగా రావు. వారి శ్వాసనాళమూ సన్నగా ఉంటుంది. ఆ కారణంగానే ఆ వయసువారికి నిండు వేరుశనగ గింజలు, పుట్నాలు, పాప్‌కార్న్, కోయని ద్రాక్షపళ్లు పెట్టవద్దని పిల్లల వైద్యులు హెచ్చరిస్తారు. ఇంట్లో నిమ్మళంగా కూర్చుని తినే బిడ్డకే ఇంత జాగ్రత్త అవసరమైనప్పుడు, ఘాట్ మలుపుల్లో కారు ఊగుతుండగా ఏడుస్తూనో, నిద్రలోకి జారుతూనో తినే బిడ్డ మాటేమిటి? గొంతులో గింజ పూర్తిగా అడ్డుపడిన పసివాడు దగ్గలేడు, ఏడవలేడు. ముందు సీట్లో ఉన్న తల్లిదండ్రులకు వెనక జరుగుతున్నది వినిపించదు, తెలిసినా ఆ మలుపుల మీద లారీల నడుమ బండి ఆపే చోటు వెంటనే దొరకదు. అందువల్ల కదిలే బండిలో మూడేళ్ల బిడ్డకు ఏ తిండీ, అది ఇంటిదైనా అంగడిదైనా, పెట్టకూడదన్నది నా గట్టి అభిప్రాయం. వేరుశనగలో మాంసకృత్తులు పుష్కలంగా ఉన్నాయి కాబట్టి దాన్ని మానేయమని నేను అనను. వేయించి, మెత్తగా పొడి కొట్టి వాడమంటాను.

ఎండ విషయంలో మాత్రం మీ ఇంటావిడ భయం న్యాయమైనదే. జయపురంలో తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు వండిన వంట సాలూరు దిగేసరికి మైదానపు వేడికి వచ్చి పడుతుంది. వండిన తడి పదార్థాన్ని మామూలు వేడిలో రెండు గంటలకు మించి ఉంచరాదు, ఎండలో నిలిపిన కారులో అంత సేపు కూడా కాదు. పెరుగన్నం, కొబ్బరి పచ్చడి ఇంట్లోనే ఉండనివ్వండి. నిలవ అన్నంలో పెరిగే ఒక రకం బాక్టీరియా విడిచే విషం తిరిగి వేడి చేసినా పోదు.

నేనైతే చోడి పిండి, గోధుమ పిండి, వేరుశనగ పొడి, నువ్వుల పొడి కలిపి, ఉప్పూ జీలకర్రా వేసి, మెత్తని రొట్టెలు కాల్చి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెడతాను. వేడిమీద మూత పెడితే ఆవిరి నీరై రొట్టెలను పాడుచేస్తుంది. వాటితో తొక్క తీయని అరటిపళ్లు, కమలాలు. ఆరేళ్ల బిడ్డకు కాసిని జంతికలు కూడా ఇవ్వవచ్చు.

పర్లాకిమిడి పెద్దమ్మ:
అమ్మా, గింజల సంగతి మీరన్నది ఒప్పుకుంటాను. కాని తీపి మీద ఇంత పంతం పనికిరాదు. ఘాట్‌లో వాంతి చేసుకుని నీరసపడిన పిల్ల ఉప్పు రొట్టె ముట్టదు. ఉసిరికాయంత బెల్లపు ఉండ చప్పరిస్తే తేరుకుంటుంది. బెల్లం సగానికి తగ్గించి, వేరుశనగ పొడి చేసి, చిన్న ఉండలు కట్టవచ్చు కదా?

సెమిలిగుడ గృహిణి:
అలా కట్టిన చిన్న ఉండను బండి ఆపి, బిడ్డను కూర్చోబెట్టి, మీ కళ్లెదుట చిదిపి పెడతానంటే నేను అడ్డు చెప్పను. వాంతి అయిన వెంటనే మాత్రం తీపి పెట్టకండి. ముందు గుక్కగుక్కగా నీళ్లు, కడుపు నిమ్మళించాకే తిండి. రెండు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు మలుపుల దారిలో వికారం రావడం మామూలే. కడుపు నిండా నూనె వంటలు తింటే అది ఇంకా పెరుగుతుంది.

జయపురం సోదరా, బయలుదేరే ముందు ఇంట్లో తేలికగా తినిపించండి. సెమిలిగుడలో ఆగి రొట్టెలు పెట్టి, కాసేపు పిల్లలను నడవనివ్వండి. సబ్బు, చేతులు కడగడానికి విడిగా ఒక నీళ్ల సీసా బండిలో ఉంచుకోండి. పొట్టంగి దాటాక నీళ్లు తప్ప ఏమీ ఇవ్వకుండా ఘాట్ దిగి, తక్కిన తిండిని సాలూరులో నీడ చూసుకుని పెట్టండి.