అప్‌డేట్: నడకలో కుదిరిన ధ్యానం

నలుగురిలో మాట్లాడాక ‘ఇంకా బాగా చెప్పాల్సింది’ అన్న ఆలోచన రాత్రంతా వదలడం లేదని, ధ్యానానికి కూర్చుంటే అది మరింత పెరుగుతోందని ఇదివరకు అడిగాను. కూర్చోవడం కంటే నడుస్తూ గమనించమని మీరిచ్చిన సలహా నిజంగా మేలు చేసింది. ఉదయం ఆర్కే బీచ్ రోడ్డుపై నడుస్తూ, మడమ నేలకు ఆనడం, బరువు మునివేళ్ల మీదికి జరగడం, ఉప్పుగాలికి చెంపలు జిడ్డుగా మారడం గమనిస్తాను. పాత మాట గుర్తుకొస్తే దానితో వాదించకుండా, ‘ఇది సిగ్గు’ అని గుర్తించి మళ్లీ పాదాల మీదికి దృష్టి మళ్లిస్తాను. ఒత్తిడి తగ్గించుకోవడానికి 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ ప్రారంభించిన 8 వారాల ధ్యాన శిక్షణలోనూ నడక ధ్యానం ఉంది. దాని మూలం బౌద్ధ సాధన కనుక, తొట్లకొండ ఆరామమున్న మన విశాఖకు అది పరాయిది కాదు.

నన్ను నేను అంగీకరించడం మాత్రం ఇంకా కష్టంగానే ఉంది. అయినా, సిగ్గు ఉంటే ఉండనీ అనుకున్న రోజున, ఆఫీసు మీటింగులో గొంతు వణికినా మాట పూర్తి చేయగలుగుతున్నాను.