నడుము ఫ్యూజన్ జరిగి ఏడేళ్లు, స్కాన్లలో ఏమీ లేదు: కారణం ఇంకా వెతకాలా, వదిలేయాలా?

కుట్టుమిషన్:
2018లో నాకు ఎల్4-ఎల్5 ఫ్యూజన్, అంటే నడుములోని ఆ రెండు పూసలను ఒకటిగా అతికించే ఆపరేషన్, చేశారు. నాలుగు స్క్రూలు, రెండు కడ్డీలు. ఏడాదిన్నర హాయిగా ఉన్నాను. ఆ తరువాత మొదలైన నొప్పి ఇప్పటిదాకా వదలలేదు. ఎడమ పిరుదు పైభాగంలో మొదలై తొడ పక్కగా దిగుతుంది, సాయంత్రానికి మంట. బట్ట కత్తిరించేటప్పుడు బల్ల అంచుకు రెండు అరచేతులు ఆనించి, ఒంటి బరువంతా చేతుల మీద వేసి కాసేపు నిలబడితే గానీ తరువాతి గీత గీయలేను. రెండు ఎమ్మారైల్లోనూ నరం మీద ఒత్తిడి లేదనే రాశారు. పోయిన వారం డాక్టరుగారు డ్యూలోక్సెటిన్ రాసి, "ఇక కారణం వెతకడం ఆపి, నొప్పితో బతకడం నేర్చుకోండి" అన్నారు. ఆపాలా? మీరైతే ఏం చేస్తారు?

పాతమాస్టారు:
ఆపండమ్మా. నాకు 2009లో అయింది. తరువాత నాలుగేళ్లు ఊరూరా తిరిగాను. ఫిల్ములన్నీ బట్టల కొట్టు సంచిలో పెట్టుకుని బస్సెక్కేవాణ్ణి. సంచి పిడి తెగితే మా ఆవిడ పురికొసతో కట్టింది. చివరికి ఒకరు స్క్రూలు తీసేస్తే సరిపోతుందన్నారు. తీయించుకున్నాను. ఎకరం పొలం పోయింది, నొప్పి పోలేదు. ఇప్పుడు పొద్దున 20 నిమిషాలు, సాయంత్రం 20 నిమిషాలు నడుస్తాను. ఒళ్ళు బాగున్న రోజు కూడా అంతే, ఒక్క అడుగు ఎక్కువ వేయను. ఈ లెక్క ఒంటబట్టడానికి ఎన్నేళ్లు పట్టిందో అడగకండి.

మంజీర:
ఎమ్మారైలో లోహం చుట్టూ నీడ పడుతుంది. ఎముక అతికిందో లేదో సీటీలో బాగా తెలుస్తుంది. సీటీ తీయించారా?

నల్లగొండ తమ్ముడు:
అదీ ప్రశ్న! మాస్టారూ, మీ పొలం సంగతి చదివి బాధ కలిగింది. కానీ మీకు దొరకలేదు కాబట్టి ఎవరికీ దొరకదనడం ఏమి న్యాయం? మా అన్నయ్యకు మూడేళ్లు ఇదే పాట పాడారు. అంతా మనసులో ఉందన్నారు, యోగా చేయమన్నారు. తీరా సీటీ తీస్తే ఎముక అతకనే లేదు, కింది స్క్రూ వదులై ఉంది. నేర్చుకోమన్నవాళ్లందరి బల్ల మీదా ఆ ఫిల్ము పెట్టి రావాలనిపించింది.

పాతమాస్టారు:
సీటీ వద్దని నేను ఎక్కడ అన్నాను? చూపించండి.

నల్లగొండ తమ్ముడు:
"ఆపండమ్మా" అన్నారు. పైనే ఉంది.

పాతమాస్టారు:
ఆపమన్నది తిరగడాన్ని. ఒక సీటీకీ నాలుగేళ్ల బస్సు ప్రయాణాలకూ తేడా తెలియదా మీకు?

గోరింట:
మా అమ్మకు నువ్వుల నూనె మర్దనతో పూర్తిగా తగ్గింది.

మంజీర:
అమ్మగారికి కూడా ఫ్యూజన్ అయిందా?

గోరింట:
లేదండీ, మోకాళ్లు.

ఫిజియో అక్క:
ఇద్దరూ సీటీ పట్టుకుని వేలాడుతున్నారు. ఎముక అతకకపోయినా నొప్పి లేకుండా తిరిగేవాళ్లున్నారు. గట్టిగా అతికినా నొప్పితో ఉన్నవాళ్లూ ఉన్నారు. ఆమె చెప్పిన చోటును బట్టి, తుంటి వెనక ఉండే శాక్రోఇలియాక్ కీలును ఎవరైనా చేత్తో పరీక్షించారా అన్నది నా అనుమానం. రెండు పూసలను బిగించేశాక వాటి కదలిక భారం పై పూసల మీదా, కింద ఆ కీలు మీదా పడుతుంది. ఎమ్మారైలో ఏమీ కనబడకపోవచ్చు. పైగా ఏళ్ల తరబడి నొప్పి మోసిన నరాలు చిన్న కదలికకే కేకలు పెట్టడానికి అలవాటు పడతాయి. డ్యూలోక్సెటిన్ ఇచ్చేది దాన్ని తగ్గించడానికే. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు, మనిషి తనకు నొప్పిగా ఉందంటే ఆ మాటను గౌరవించాలని వివరణలో చేర్చింది.

నల్లగొండ తమ్ముడు:
డ్యూలోక్సెటిన్ కుంగుబాటుకిచ్చే మందు. తిప్పి తిప్పి మళ్ళీ మనసు దగ్గరికే తెచ్చారు! మా అన్నయ్యకూ అదే ఇచ్చారు. ఆ చీటీ చూసి వదిన పుట్టింటివాళ్లు పిచ్చి మందన్నారు. పనికి పోకుండా నాటకమన్నారు. మీ నిర్వచనం మా ఇంట్లో ఎవరు చదువుతారు?

పాతమాస్టారు:
ఇందాకటి నుంచి ఒక మాట దాటవేస్తున్నారు. ఆ స్క్రూ సరిచేశాక మీ అన్నయ్యకు నొప్పి పోయిందా?

నల్లగొండ తమ్ముడు:
సగం పోయింది. సగం ఉంది. కానీ నాటకమనడం మానేశారు. అన్నయ్యకు తగ్గిన ఆ సగం కన్నా ఇదే ఎక్కువ.

కుట్టుమిషన్:
సీటీ పోయిన ఏడాదే తీశారు. ఎముక గట్టిగా అతికింది. ముందే చెప్పనందుకు క్షమించండి. చెబితే మీరూ "ఏమీ లేదు" అంటారని భయపడ్డాను. "మిషను మీద పది గంటలు కూర్చుంటుంది గానీ గిన్నెల దగ్గరికి వచ్చేసరికి నడుము నొప్పి" అంటారు మా అత్తగారు. నేను ముప్పావు గంటకోసారి లేస్తాను. అది ఆవిడ చూడరు. నాకు కారణం కావలసింది ఇంకో ఆపరేషన్ కోసం కాదు. చూపించడానికి ఒక కాగితం కావాలి.

పాతమాస్టారు:
నిన్న రాయబోయి ఆగిపోయాను. ఆ సంచి మోసినంత కాలం ఇంట్లో నేను రోగిని. అటక మీద పెట్టేసిన దగ్గరి నుంచి మా అబ్బాయి "నాన్నకు తగ్గిపోయింది" అని అందరికీ చెబుతున్నాడు. తగ్గలేదు. మొన్న కూడా గ్యాస్ బండ నన్నే జరపమన్నాడు. తమ్ముడూ, మీతో కాస్త దురుసుగా మాట్లాడాను.

ఫిజియో అక్క:
కాగితమే కావాలంటే పేరు ఉందమ్మా. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11లో "శస్త్రచికిత్స తరువాతి దీర్ఘకాలిక నొప్పి" విడిగా నమోదై ఉంది. మూడు నెలలు దాటిన నొప్పి అయి ఉండాలి. మీది ఎప్పుడో దాటింది. మీకు వర్తిస్తే చీటీ మీద ఆ పేరు రాయమని డాక్టరుగారినే అడగండి. కీలు పరీక్ష సంగతి మాత్రం మరచిపోకండి.

నల్లగొండ తమ్ముడు:
పేరు రాస్తే నమ్ముతారా? మావాళ్లు వదులైన స్క్రూను కళ్లారా చూశారు కాబట్టి నమ్మారు.

కుట్టుమిషన్:
శనివారం వెళ్తున్నాను. తెలుగులో రాయమంటాను. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని కరెంటు బిల్లు వెనక ఉన్నది కూడా కూడబలుక్కుని చదువుతారు.

కొత్తసభ్యుడు:
పైవన్నీ చదవలేదు. సీటీకి ఎంత అవుతుందండీ?