పరిప్రశ్నేన: ధ్యానం నేర్పే గురువును ఏమడగాలి?

"తద్విద్ధి ప్రణిపాతేన పరిప్రశ్నేన సేవయా
ఉపదేక్ష్యంతి తే జ్ఞానం జ్ఞానినస్తత్త్వదర్శినః" (గీత 4.34)
అంటే: మొక్కి, ప్రశ్నలడిగి, సేవ చేసి ఆ జ్ఞానాన్ని తెలుసుకో; తత్త్వాన్ని చూసిన జ్ఞానులు నీకు ఉపదేశిస్తారు.

నిన్న ఇక్కడ ధ్యానానికి గురువు కావాలా వద్దా అని మాటలు నడుస్తుంటే ఒక అన్న ఈ శ్లోకం పెట్టి, గురువుకు మొక్కి సేవ చేస్తే చాలు అన్నారు. అన్నా, నడుమ మాట ఎట్లా వదిలేశారు? ప్రణిపాతేన, పరిప్రశ్నేన, సేవయా, మూడూ తృతీయా విభక్తే ('చేత, తో' అనే అర్థం). మొక్కడం ఎంత ముఖ్యమో అడగడమూ అంతే. "పరి" అంటే చుట్టూ, అన్ని వైపుల నుంచీ. అనుమానం తీరేదాకా తిప్పి తిప్పి అడగాలి. బంధం ఎట్లా వచ్చింది, మోక్షం ఎట్లా, విద్య ఏది, అవిద్య ఏది అని అడగాలంటారు శంకరులు భాష్యంలో.

ధ్యానంలో కూర్చునేవాడికి ఇది ఇంకా అవసరం. ఆరో అధ్యాయం చూడండి. కృష్ణుడు ఆసనం, చూపు, మనసు నిలపడం అన్నీ చెప్పాక అర్జునుడు తల ఊపి ఊరుకోలేదు, మనసు చంచలం, దాన్ని పట్టడం గాలిని పట్టినంత కష్టం అనేశాడు (6.34). గురువుకు కోపం రాలేదు, "అసంశయం" అని ఒప్పుకుని అభ్యాసం, వైరాగ్యం అని దారి చూపాడు. అర్జునుడు అక్కడితో కూడా ఆగక, యోగం మధ్యలో తప్పిపోయినవాడి గతేంటని మళ్ళీ అడిగాడు. నా దృష్టిలో పరిప్రశ్న అంటే ఇదే, కూర్చున్నప్పుడు తనకు ఏమైందో దాచకుండా చెప్పుకోవడం. ప్రాణాయామం చేసేవాళ్ళు అసలే దాచకూడదు, వాయువును మెల్లమెల్లగా వశం చేసుకోకపోతే అది సాధకుణ్ణే చంపుతుందని హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథం (2.15) గట్టిగా చెప్పింది.

మన పాత పాలమూరు జిల్లాలోనే కడ్తాల్ పిరమిడ్ ధ్యాన కేంద్రం దగ్గర శ్వాస మీద ధ్యాస అంటారు, కన్హా శాంతివనం ఆశ్రమంలో గురువు ద్వారా అందే ప్రాణాహుతి (ప్రాణశక్తి ప్రసారం) అంటారు. ఎటు వెళ్ళినా సరే, అడిగితే జవాబు చెప్పేవాళ్ళు ఉన్నారా అని చూసుకోండి.

— సార్, గురువును ప్రశ్నిస్తే తప్పు కాదా? మా తాత అచల సంప్రదాయం (కదలని పరబ్రహ్మమే నిజమనే మార్గం) గురువు దగ్గర ఉపదేశం తీసుకున్నాడు, ఆయన ముందు నోరు విప్పేవాడు కాదట.

— తప్పెట్లా అవుతుంది తమ్ముడూ? ఓడించాలని అడిగితే తప్పు. అందుకే ప్రణిపాతం ముందు వచ్చింది. గురువుకూ షరతు ఉంది, శ్లోకం రెండో వరుస చూడు: "జ్ఞానినః" ఒక్కటే సరిపోలేదు, "తత్త్వదర్శినః" కూడా కావాలి, చదివినవాడే కాదు, చూసినవాడు. తాత గురుపూజ రాత్రుల్లో పాడిన తత్వాలు ఇంట్లో ఎవరికైనా యాదికున్నాయేమో అడుగు. శిష్యుడు అడగడం, గురువు చెప్పడంగా సాగే తత్వాలు మన దిక్కు ఎన్నో ఉన్నాయి. ఒకటి దొరికినా ఇక్కడ పెట్టు, పదం పదం విడదీసి చూద్దాం.