పతంగి కోసం గోడ దూకితే కేసు పెట్టొచ్చా?

నాగోల్ ప్లాటుదారు:
మా ప్లాటు 200 గజాలు. చుట్టూ ప్రహరీ, 'లోపలికి రావద్దు' అని బోర్డు. అయినా సంక్రాంతి సెలవుల్లో పతంగి తెగిపడితే చాలు, పిల్లలు దూకేస్తున్నారు. ఒకడి తండ్రిని అడిగితే 'ఖాళీ జాగానే కదా సార్' అన్నాడు. కేసు పెడదామనుకుంటున్నా.

సిటీసివిల్ వకీలు:
పెట్టినా నిలబడదు సార్. భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ చూడండి. నేరం చేయాలనో, స్వాధీనంలో ఉన్నవాళ్లను బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో వస్తేనే నేరమయ్యే చొరబాటు, అంటే క్రిమినల్ ట్రెస్‌పాస్. 3 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీలో జరిమానా 500 రూపాయలే. పతంగి ఏరుకునేవాడికి ఆ ఉద్దేశం ఎక్కడిది? ఏడేళ్ల లోపువాడైతే అసలు నేరమే కాదు. సివిల్‌గా మాత్రం అనుమతి లేకుండా అడుగుపెట్టడమే తప్పు. ఇంజంక్షన్, అంటే లోపలికి రావద్దని కోర్టు ఆర్డరు, అడగొచ్చు, కానీ నా ఫీజు మీ పతంగుల కంటే ఎక్కువవుతుంది.

బోడుప్పల్ పద్మ:
ఉద్దేశం లేదంటే అయిపోయిందా వకీలు గారూ? మా పక్కింటి పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. చీకటి పడ్డాక మిద్దె మీద అడుగుల చప్పుడైతే అది దొంగో, మాంజా పట్టుకున్న పిల్లాడో ఆమెకెలా తెలుస్తుంది? సెక్షన్‌కు అందకపోయినా ఆ టెన్షన్ నిజమే కదా. బెల్లు కొట్టి అడగడానికి ఏం పోయింది?

నాగోల్ ప్లాటుదారు:
అందుకే గోడ మీద గాజుపెంకులు పెట్టిస్తున్నా.

సిటీసివిల్ వకీలు:
వద్దు. చొరబడినవాడినైనా కావాలని గాయపరిచే హక్కు యజమానికి లేదు. పిల్లలు దూకుతారని మీరే ఇక్కడ రాశారు.

చెరువుగట్టు:
నవ్వొస్తోంది. ఈ ఊళ్లో చెరువు శిఖం, అంటే నీళ్లు నిలిచే జాగా, పూడ్చి, ప్రహరీ కట్టి, 'లోపలికి రావద్దు' అని బోర్డు పెట్టినవాళ్లున్నారు. 2024లో చెరువుల కబ్జాలు తొలగించే సర్కారు సంస్థ హైడ్రా పెట్టాల్సొచ్చింది అలాంటివాళ్ల వల్లే. మరి అక్కడ చొరబడింది ఎవరు? పిల్లాడు రెండు నిమిషాల్లో పోతాడు, వాళ్లు మాత్రం పోరు.

నాగోల్ ప్లాటుదారు:
నాది రిజిస్టర్డ్ ప్లాటు భాయ్, చెరువు కాదు.

సిటీసివిల్ వకీలు:
అయితే భయపడాల్సింది పిల్లలకు కాదు. మీ హక్కును కాదని ఎవరైనా బహిరంగంగా, ఎడతెగకుండా 12 ఏళ్లు తిష్ఠ వేస్తే, లిమిటేషన్ చట్టం కింద ప్లాటే పోవచ్చు. సర్కారు భూమికైతే 30 ఏళ్లు. నెలకోసారి వెళ్లి చూసి రండి.

బోడుప్పల్ పద్మ:
వెళ్లినప్పుడు అక్కడ పడ్డ పతంగులు కూడా బయటపెట్టండి, దూకాల్సిన పనుండదు.