లోపం వ్యవస్థ నిర్మాణంలోనా, నడిపేవారిలోనా?

సత్యాన్వేషి: మంచివారిని ఎన్నుకుంటే ప్రజాస్వామ్యం దానంతటదే బాగుపడుతుందన్న మాటను నేను అంగీకరించలేను. 2024లో బ్రిటన్‌లో లేబర్ పార్టీకి 34 శాతంలోపు ఓట్లతోనే 650 స్థానాలలో 411 దక్కాయి. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు; నియోజకవర్గంలో ముందున్నవారే గెలిచే పద్ధతి ఫలితమది. న్యూజీలాండ్‌లో 1978లోనూ 1981లోనూ తక్కువ ఓట్లు వచ్చిన పార్టీయే అధికారంలో నిలిచింది. 1993 రెఫరెండంలో, అంటే ప్రజాభిప్రాయ సేకరణలో, అక్కడి ప్రజలు ఆ పద్ధతినే మార్చి, ఓట్ల శాతానికి తగినట్టు స్థానాలు దక్కే పద్ధతి తెచ్చుకున్నారు.

విశ్రాంత ఉద్యోగి: మార్చుకుని ఏమి సాధించారండీ? 1996లో, 13 శాతం ఓట్ల పార్టీ ప్రభుత్వ ఏర్పాటుకు ఎవరితో కలుస్తుందో తేలడానికి రెండు నెలలు పట్టింది. నా పింఛను కాగితం ఒక కార్యాలయంలో నాలుగేళ్లు తిరిగింది. ఈలోగా ప్రభుత్వం మారింది గాని, బల్ల వెనుక కూర్చున్నవారు మారలేదు.

సత్యాన్వేషి: మీ బాధ నిజమే గాని, అది పరిపాలనకు సంబంధించినది, ప్రాతినిధ్యానికి కాదు. ఉన్న నియమాలతో గెలిచినవారు వాటిని తామై మార్చరు. అందుకు పౌరుల సభ ఒక దారి. ఐర్లండ్‌లో 2016లో యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన 99 మంది పౌరుల సభకు గర్భస్రావ నిషేధం వంటి చిక్కు ప్రశ్నను అప్పగించారు. వారు మార్పు కోరారు. 2018 రెఫరెండంలో 66 శాతం ఓటర్లు సరేనన్నారు.

విశ్రాంత ఉద్యోగి: చీటీలో పేరు వచ్చినవారిని నేను దించగలనా? దించలేనివారి చేతిలో నలిగానని మొత్తుకుంటుంటే, అటువంటివారినే మరికొందరిని నెత్తిన పెట్టి సంస్కరణ అంటారా?

సత్యాన్వేషి: వారు సిఫారసు మాత్రమే చేశారు. చదవకుండా కోపగిస్తే నేనేమి చెప్పగలను?

విశ్రాంత ఉద్యోగి: చదివే అడిగాను. ఎదుటివారికి అర్థం కాలేదని ముందే తేల్చుకోవడం మీ అలవాటు.

పరిశీలకురాలు: ఇద్దరూ లోపం నిర్మాణంలోనే ఉందంటున్నారు, కోరేవి మాత్రం వేరు. ఒకరికి ప్రజల పోలిక ఉన్న సభ కావాలి, ఇంకొకరికి పాలకులను దించే వీలు కావాలి. ఇవి తరచు ఒకదానికొకటి అడ్డుపడతాయి. 1982లో పశ్చిమ జర్మనీలో ఎన్నిక లేకుండా, సభలో అవిశ్వాస తీర్మానంతోనే ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) మారారు. పాత ప్రభుత్వంలోని చిన్న భాగస్వామి పార్టీ కొత్త ప్రభుత్వంలోనూ కూర్చుంది. విశ్రాంత ఉద్యోగి గారి బల్ల కథ కూడా ఇటువంటిదే.

సత్యాన్వేషి: అయితే తేల్చి చెబుతాను. రెంటిలో ఒకటే దక్కుతుందంటే, నేను ప్రాతినిధ్యాన్నే కోరుకుంటాను.

విశ్రాంత ఉద్యోగి: ఆ మాట మొదటే అనవలసింది. నేను కోరుకోను.