18 నిండినయ్, ఓటు హాస్టల్ దగ్గర రాయించుకోవాల్నా ఊర్ల రాయించుకోవాల్నా?

నల్గొండ పిల్ల:
అందరికీ నమస్తే. నాకు ఆగస్టుల 18 నిండినయ్. బీటెక్ సెకండియర్, ఘట్‌కేసర్ దగ్గర హాస్టల్‌ల ఉంటున్న, మా ఊరు నల్గొండ జిల్లా. ఓటుకి అప్లై చేద్దామంటే రూమ్మేట్స్ ఒక్కొక్కరు ఒక్కో మాట, ఒకామె హాస్టల్ అడ్రస్‌కి ఇయ్యరంటది, ఇంకొకామె జనవరి దాకా ఆగాలంటది. అసలు నీ ఒక్క ఓటుతోని ఏమైతది అని కూడా అన్నరు, దానికి గట్టిగ జవాబు చెప్పలేకపోయిన, బాధైంది. తెలిసినోళ్లు చెప్పుర్రి.

బడి మాస్టారు:
మా బూత్‌కి బీఎల్వో (ఓటర్ల లిస్టు చూసే ఉద్యోగి) డ్యూటీ నాదేనమ్మా, కాబట్టి తెలిసిందే చెప్తున్నా. జనవరి దాకా ఆగక్కర్లేదు, అది పాత రూలు. 2022 నుంచి 18 నిండాయా లేదా అని ఏడాదికి నాలుగు తేదీల్లో చూస్తున్నారు, జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. ఆగస్టులో నిండాయి కాబట్టి అక్టోబర్ 1 లెక్కలో నువ్వు వచ్చేస్తావు. 17 దాటినవాళ్లు ముందే ఫారం 6 (కొత్త ఓటు అప్లికేషన్) ఇచ్చి పెట్టుకోవచ్చు కూడా. (మా పెద్దన్నయ్య వాళ్లకైతే 21 నిండాల్సిందే, 1989లో 18 చేశారు.) హాస్టల్ అడ్రస్‌కి ఇవ్వరన్నది తప్పు, కాలేజీ బోనఫైడ్ (అక్కడే చదువుతున్నట్టు సర్టిఫికెట్) పెట్టి అక్కడైనా రాయించుకోవచ్చు, లేదా ఇంటి దగ్గరైనా. రెండుచోట్లా మాత్రం వద్దు, ఇంకెక్కడా ఓటు లేదని ఫారంలో సంతకం పెడతాం, అది అబద్ధమైతే ఏడాది దాకా జైలు. ఇంకోటి, మేం వెరిఫికేషన్‌కి వచ్చేసరికి రూముకి తాళం, ఫోన్ ఎత్తరు, పిల్లల అప్లికేషన్లు అక్కడే ఆగిపోతాయి, కాబట్టి రిఫరెన్స్ నంబర్ దాచుకుని స్టేటస్ చూసుకుంటూ ఉండు.

పటేల్‌గూడెం అన్న:
ఊర్లనే రాయించుకో చెల్లె. ఒక్క ఓటు ఏం చేస్తదో తెల్వాలంటే వార్డు మెంబర్ ఎలక్షన్ చూడాలె. మొన్న 2025 డిసెంబర్‌ల మన దగ్గర పంచాయతీ ఎలక్షన్లైనయ్ కదా, వార్డుకి ఉండేదే కొన్ని వందల ఓట్లు, సమానం వస్తే చీటీలు తీసుడే. మీ రూమ్మేట్స్‌కి ఇదే చెప్పు. 21 నిండితే నువ్వే నిలబడొచ్చు, ఎమ్మెల్యేకైతే 25 నిండాలె. చదువుకున్న పోరగాండ్లు గ్రామసభల కూసోని ఈ బిల్లు ఎక్కడిది అని అడిగితే లెక్కలు మారుతయ్, నేను కండ్లార చూసిన.

పీజీ రూమ్ నంబర్ 4:
అన్న చెప్పింది నిజమే కానీ నా ఆలోచన వేరు, హాస్టల్ దగ్గరే రాయించుకోవాలంటా. ఏడాదిలో పది నెలలు ఇక్కడే ఉంటాం, ఇక్కడి బస్సులు ఇక్కడి నీళ్లు ఇక్కడి డ్రైనేజీ, కానీ మా సందులో హాస్టల్స్ అన్నిట్లో కలిపి ఓట్లు లేవని లీడర్లకి తెలుసు, అందుకే ఓట్లడగడానికి కూడా ఎవరూ రారు, రోడ్డు అలాగే ఉంది. రాత్రి బస్ స్టాప్‌లో లైటు కావాలంటే ఎవరిని అడగాలి? ఓటున్న చోటే మాట చెల్లుద్ది.

నల్గొండ పిల్ల:
అందరికీ థాంక్స్. ఊరికి బస్సుల మూడు గంటలే, ఎలక్షన్‌కి పక్కా పోత, అందుకే ఊర్లనే ఇస్త. కానీ రేపు జాబొచ్చి బెంగళూరు పోతే?

బడి మాస్టారు:
అప్పుడు ఫారం 8 పెట్టు, అడ్రస్ మారుతుంది. మళ్లీ ఫారం 6 పెట్టావంటే రెండు ఓట్లయి చిక్కు. డిగ్రీ అయిన మూడేళ్లకి పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు కూడా వస్తుంది, దానికి ఫారం 18 వేరేగా ఇవ్వాలి, ప్రతి ఎన్నికకీ లిస్టు కొత్తగా రాస్తారు, క్రితంసారి ఉంది కదా అని ఊరుకోకండి.